గాలి కన్నా నీళ్లతోనే ఎక్కువ జాగ్రత్త

ప్రశ్న: హరికేన్ హెచ్చరికలో కేటగిరీ 1 అన్నారు. 4, 5 అయితే కదా ఇల్లు వదలాల్సింది, ఒకటికే ఎందుకంత టెన్షన్ అని ఇంట్లో వాదన. ఏం చేయాలి?

జవాబు: ఆ అంకె చూసి ఉండాలా వెళ్లాలా అన్నది తేల్చుకోకండి, దయచేసి. హరికేన్లకు 1 నుంచి 5 దాకా ఈ అంకెలిచ్చేది సఫిర్-సింప్సన్ స్కేలు, అది కొలిచేది గాలి వేగం ఒక్కటే. గంటకు 119 కిలోమీటర్లకు చేరితే కేటగిరీ 1, 252 చేరితే 5. వాన ఎంత పడుతుందో, సముద్రం ఎంత ఎత్తున మీదికొస్తుందో అందులో ఉండదు. 2005లో కత్రినా హరికేన్ తీరం దాటేనాటికి కేటగిరీ 3కి తగ్గింది, అయినా మిసిసిపీ తీరంలో ఉప్పెన 8 మీటర్లు దాటింది. 2017లో హార్వే టెక్సాస్ మీద తిష్ట వేసి ఒకచోట 1,500 మిల్లీమీటర్లకు పైగా కురిసింది, హ్యూస్టన్‌లో వేల ఇళ్లు మునిగింది ఆ వానకే. అమెరికాలో హరికేన్ల వల్ల పోయిన ప్రాణాల్లో ఎక్కువ భాగం నీళ్ల పాలైనవే.

కాబట్టి మీరు చూసుకోవాల్సినవి వేరే ఉన్నాయి. మీ ఇల్లు పల్లంలో ఉందా, ఉప్పెన వచ్చే పరిధిలో ఉందా, బయటపడే దారి ఒక్కటేనా, ఆ దారిలో వాగు ఉందా? వీటిలో ఒక్కదానికి ‘అవును’ అని వచ్చినా, ఖాళీ చేయమన్నప్పుడు బయల్దేరాల్సిందే. ఆలస్యం చేస్తే కారు కూడా ఆదుకోదు, పారే నీళ్లు 30 సెంటీమీటర్లుంటే చిన్న కారు తేలిపోతుంది, 60 ఉంటే చాలా వాహనాలు కొట్టుకుపోతాయి.

ప్రశ్న: మా నాన్నగారు పశువుల్ని వదిలి రానంటున్నారు. కొట్టంలో గట్టిగా కట్టేసి తలుపులేస్తే సరిపోతుందా?

జవాబు: మీ నాన్నగారి బాధ న్యాయమైనదే. పశువుల కోసం ఆగిపోయి చిక్కుకునేవాళ్లు ప్రతి తుఫానులోనూ ఉంటారు, అందుకే ముందు పశువుల సంగతి తేల్చండి, ఆయన వాటి వెనకే వస్తారు.

కట్టేయడం మాత్రం వద్దు. మోకాలి లోతు నీళ్లలో పశువు నిలబడుతుంది, లోతు పెరిగితే ఈదుతుంది, పలుపు మాత్రం సాగదు. నీళ్లు పెరిగేకొద్దీ తల గుంజ వైపు లాగినట్టయి, ఈత వచ్చి కూడా అక్కడే మునిగిపోతుంది. మూసిన కొట్టంలోనూ అంతే, పైగా కప్పు కూలితే తప్పించుకోలేదు. 1999లో ఫ్లాయిడ్ హరికేన్ వచ్చినప్పుడు నార్త్ కరోలినాలో వరద నీళ్లకు షెడ్లలోనే లక్షల కోళ్లు, వేల పందులు చచ్చిపోయాయి.

మెరక నేల ఉంటే అక్కడికి తోలండి. పెద్ద చెట్లు, కరెంటు తీగలు, ముళ్లకంచె లేని చోటు చూసుకోండి. మెరక లేకపోతే లారీలో తరలించాలి, అదీ తుఫాను చేరడానికి మూడు రోజుల ముందే. గాలి మొదలయ్యాక పశువుల లారీ రోడ్డెక్కకూడదు, అసలు ఆ సమయానికి లారీ దొరకదు కూడా. ఎవరి పొలానికి పంపాలో, ఎవరి లారీ అడగాలో సీజన్ మొదలుకాకముందే మాట్లాడి ఉంచుకోండి. చెవి ట్యాగు లేని పశువుకి ఒంటి మీద చెరగని రంగుతో ఫోన్ నంబరు రాసి, ఫొటో తీసుకోండి.

చాలామంది మేత దాచుకుని నీళ్ల సంగతి మర్చిపోతారు. పాలిచ్చే ఆవు వేడి రోజుల్లో వంద లీటర్లు తాగినా ఆశ్చర్యం లేదు, కరెంటు పోయాక మోటారు నడవదు, చుట్టూ ఉన్న నీళ్లేమో పెంటతో, పురుగుమందులతో కలిసినవి. ఉన్న తొట్లు, డ్రమ్ములు అన్నీ ముందే నింపండి. డీజిల్ ట్యాంకు ఖాళీగా ఉంటే వరదలో తేలిపోతుంది, నింపి గట్టిగా బిగించండి. పురుగుమందులు, ఎరువులు ఎత్తయిన చోటికి చేర్చండి. తుఫాను వెళ్లాక ఒక సంగతి మరవొద్దు: తడిసిన ఎండుగడ్డిని మోపులుగా పేరిస్తే లోపల వేడెక్కి, రోజులు గడిచాక కూడా అంటుకోవచ్చు. పశువుల్ని మళ్లీ పొలంలోకి వదిలే ముందు కొట్టుకొచ్చిన మేకులు, తీగలు ఏరేయండి.

ప్రశ్న: పంట కోతకు ఇంకా కొన్ని రోజులుంది. ఇప్పుడే కోసేయాలా?

జవాబు: గింజ ముదిరి, ఆరబెట్టుకునే వసతి ఉంటే కాస్త పచ్చిగా ఉన్నా కోయండి. వసతి లేకపోతే కోసి కుప్పలో కుళ్లబెట్టుకోవడమే అవుతుంది. అప్పుడు చేతిలో ఉన్న పని కాలువల్లో పూడిక తీయడం. ఎరువు చల్లడం ఆపేయండి, అంతా కొట్టుకుపోతుంది. పాలీహౌస్ ఉంటే పైనున్న ప్లాస్టిక్ తీసేయండి, తీసే సమయం లేకపోతే కోసేయండి, ఫ్రేమైనా మిగులుతుంది.

ప్రశ్న: జనరేటర్ కొన్నాం. వానకి తడవకుండా వరండాలో పెట్టుకోవచ్చా? ఇంట్లో ఇంకేం సిద్ధం చేసుకోవాలి?

జవాబు: వరండాలో వద్దు, కిటికీలు తెరిచినా సరే. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. గాలివాన తగ్గాక, తలుపులకూ కిటికీలకూ కనీసం 6 మీటర్ల దూరంలో, ఇంటి వైపు పొగ రాకుండా పెట్టండి. గోడ ప్లగ్గులో గుచ్చి ఇల్లంతా నడిపించకండి, ఆ కరెంటు వెనక్కి లైన్లోకి వెళ్లి, స్తంభమెక్కి బాగుచేసే మనిషికి కొడుతుంది.

తాగడానికీ వాడుకోవడానికీ మనిషికి రోజుకి 4 లీటర్ల నీళ్లు, తక్కువలో తక్కువ మూడు రోజులకి. రెండు వారాలకి పెట్టుకోగలిగితే ఇంకా మంచిది. రోజూ వేసుకునే మందులు, పొలం కాగితాలు, బీమా కాగితాలు నీళ్లు చొరబడని సంచిలో పెట్టండి. నిండుగా ఉన్న ఫ్రీజర్‌ని తెరవకపోతే రెండు రోజులు చల్లదనం ఆగుతుంది, ఫ్రిజ్‌లో నాలుగు గంటలే. కిటికీ అద్దాలకి టేపు అంటించి లాభం లేదు, టేపుకి పెట్టే సమయంలో ప్లైవుడ్ బిగించండి.

ప్రశ్న: ఉన్నట్టుండి గాలి ఆగిపోయి ఆకాశం తేటపడితే బయటికి వెళ్లొచ్చా?

జవాబు: వెళ్లొద్దు. అది తుఫాను కన్ను, అంటే తుఫాను నడిమధ్య గాలి లేని చోటు కావచ్చు. అది దాటగానే గాలి ఎదురు దిక్కు నుంచి అంతే బలంగా కొడుతుంది, మొదటి విడతలో వదులైన రేకులు, కొమ్మలు అప్పుడే ఎగిరొస్తాయి. తుఫాను దాటిపోయిందని అధికారులు చెప్పేదాకా లోపలే ఉండండి. బ్యాటరీ రేడియో ఒకటి దగ్గరుంచుకోండి, ఫోన్లు ఆ సమయానికి పనిచేస్తాయని నమ్మకం లేదు.