బ్రౌన్ ఏల్‌లో చెక్క ముక్కలు ఎన్ని రోజులుంచాలి?

ప్రశ్న: ఇంట్లో 20 లీటర్ల స్ట్రాంగ్ బ్రౌన్ ఏల్ (గోధుమ రంగు బీరు) చేశాను, ఆల్కహాల్ 10 శాతం దాకా ఉంది, పులియడం ఆగింది. సువాసన పట్టడానికి పాలో సాంతో అనే దక్షిణ అమెరికా సువాసన చెక్క వేసి ఓ నెల వదిలేద్దామనుకుంటున్నాను. చెక్కను ముందు మరిగించాలా?

జవాబు: నెల రోజులు చూడకుండా మాత్రం వదిలేయకండి! ఓక్ అయితే కాస్త ఎక్కువైనా తాగేయొచ్చు, ఇలాంటి నూనె చెక్కలు మోతాదు దాటితే బీరు అగరొత్తి నాకినట్టు ఉంటుంది. 15 గ్రాములతో మొదలుపెట్టి, రెండు మూడు రోజులకోసారి కొంచెం తీసి రుచి చూడండి, చాలనిపించగానే బీరును వేరే పాత్రలోకి మార్చేయండి.

ఇంకో సంగతి, పాలో సాంతో పేరుతో రెండు వేర్వేరు చెట్ల చెక్క దొరుకుతుంది. ధూపం వేసేది బర్సెరా గ్రావియోలెన్స్. పరాగ్వే వైపు పెరిగే బుల్నేసియా సార్మియెంతోయ్ నీళ్లలో వేస్తే మునిగిపోయేంత బరువు. అమెరికాలో డాగ్‌ఫిష్ హెడ్ అనే బీరు కంపెనీ వాళ్ల 12 శాతం బ్రౌన్ ఏల్ ఆ రెండో చెక్కతో చేసిన పెద్ద ట్యాంకులోనే ఊరుతుంది. మీరు ఏది కొన్నా పాలిష్, సెంటు పూయనిదేనా అని గట్టిగా అడగండి.

మరిగిస్తే మీకు కావాల్సిన సువాసన నీళ్లలోకే పోతుంది. ముక్కలు మునిగేలా వోడ్కా పోసి రెండు రోజులుంచి, ఆ వోడ్కాతో సహా వేసేయండి. పొడి వద్దు, వడకట్టలేక చస్తాం.

ఒకవేళ ఘాటెక్కువైతే మామూలు బ్రౌన్ ఏల్ కలపడమే దారి. సీసాల్లో పట్టేటప్పుడు కొంచెం తాజా ఈస్టు కూడా వేయండి, అంత ఆల్కహాల్‌లో పాత ఈస్టుకు ఓపిక ఉండదు, గ్యాస్ సరిగ్గా పట్టదు.