మాన్యువల్ ఎవరూ చదవరు, మరి ప్రోగ్రామ్ ఎలా రాయాలి?

ప్రశ్న: చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో కంప్యూటర్ పనులు చూస్తాను. తోతాపురి సీజన్‌లో కాటా చీటీల వివరాలన్నీ ఒక ఫైల్లోకి వస్తాయి. వాటిని రైతువారీగా కూడి పేమెంట్ లిస్టు తీసే కమాండ్ లైన్ ప్రోగ్రామ్ (బటన్లు లేకుండా కమాండ్ టైప్ చేసి నడిపేది) రాశాను, ఎలా వాడాలో పెద్ద పీడీఎఫ్ కూడా ఇచ్చాను. దాన్ని ఎవరూ తెరవరు. రాత్రి షిఫ్టువాళ్లు "అన్నా, ఇప్పుడేం కొట్టాలి?" అని ఫోన్ చేస్తూనే ఉంటారు. బటన్లు పెట్టి విండోస్ అప్లికేషన్‌గా మార్చేయాలా?
– ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: అక్కర్లేదండీ. గేటు బయట లారీలు వరసకట్టి ఉంటే పీడీఎఫ్ ఎవరు చదువుతారు? వాళ్ల కళ్లు ఉండేది స్క్రీన్ మీద, చెప్పాల్సిందంతా అక్కడే చెప్పండి.

ముందు ప్రోగ్రామ్ పేరొక్కటే కొట్టి ఎంటర్ నొక్కి చూడండి. కర్సర్ ఊరికే మిణుకుమంటూ ఉండిపోతే, అది పనిచేస్తోందో ఆగిపోయిందో తెలియక మనిషికి టెన్షన్ మొదలవుతుంది. ఇది ఏం చేస్తుందో ఒక్క వాక్యం, దాని కింద మీ ఫైళ్ల పేర్లతోనే రెండు మూడు పూర్తి ఉదాహరణలు రావాలి. ఆప్షన్ల జాబితా ఆ తర్వాతే, ఎందుకంటే జనం ఉదాహరణను కాపీ చేసుకుని తేదీ మార్చుకుంటారే తప్ప ఆప్షన్లు చదివి కమాండ్ కట్టుకోరు.

అసలు విషయం ఎర్రర్ మెసేజుల్లో ఉంది. ప్రోగ్రామర్లు కోడ్ మార్పులను భద్రపరచుకునే గిట్‌లో కొత్త బ్రాంచి (కోడ్‌లో విడిగా నడిపే శాఖ) నుంచి మొదటిసారి పుష్ కొడితే (సర్వర్‌కి పంపితే) మామూలుగా ఏమవుతుందో చూసే ఉంటారు: అప్‌స్ట్రీమ్ (సర్వర్‌లో దానికి జతగా ఉండే బ్రాంచి) లేదని చెప్పి ఊరుకోదు, కొట్టాల్సిన కమాండ్ మొత్తం మీ బ్రాంచి పేరుతో సహా రాసిస్తుంది. స్పెల్లింగ్ తప్పితే దానికి దగ్గరగా ఉన్న కమాండ్ పేరు చూపిస్తుంది. మీ ప్రోగ్రామ్ కూడా "తేదీ చెల్లదు" అనడం మానేసి, "47వ లైన్లో 31-06-2025 అని ఉంది, జూన్‌కి 30 రోజులే, ఫైల్లో సరిచేసి ఇదే కమాండ్ మళ్లీ కొట్టండి" అనాలి. పైథాన్ ట్రేస్‌బ్యాక్ (కోడ్‌లో ఎక్కడ తప్పిందో చూపే పొడవాటి వివరం) లాంటివి లాగ్ ఫైల్లోకి పంపేయండి, వాటితో వాళ్లకేం పని? పాత విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో తెలుగు అక్షరాలు సరిగా రావు కాబట్టి ఫోన్లో మెసేజ్ పెట్టినట్టు ఇంగ్లిష్ అక్షరాల్లోనే తెలుగు రాయండి, నామోషీ ఏమీ లేదు.

ఒక కమాండ్‌కి ఒకటే పని. గిట్‌లో చెకౌట్ అనేది బ్రాంచి మార్చడానికీ, ఫైల్‌ను పాత స్థితికి తేవడానికీ కూడా ఉండి ఏళ్ల తరబడి జనాన్ని తికమక పెట్టింది, చివరికి 2019లో వచ్చిన 2.23 వెర్షన్‌లో స్విచ్, రిస్టోర్ అని విడిగా ఇచ్చారు. మీ దగ్గర కూడడం, పేమెంట్ లిస్టు రాయడం ఒకే కమాండ్‌లో ఉంటే విడదీయండి. పేర్లు కూడా ఆఫీసులో అనుకునేవే పెట్టండి: కాటా, పేమెంట్, తరుగు.

డబ్బు దగ్గర మాత్రం గట్టిగా ఉండాలి. మామూలుగా కొడితే లెక్క చూపించాలి, అంతే. ఫైల్ రాయాలంటే ఇంకో మాట అదనంగా కొట్టాలి. ఫైళ్లను ఒకచోటి నుంచి ఇంకోచోటికి కాపీ చేసే ఆర్‌సింక్‌లో డ్రై రన్ అని ఆప్షన్ ఉంటుంది, ఏమీ ముట్టుకోకుండా ఏం చేయబోతోందో మాత్రం చెబుతుంది. మీరు దాన్నే డిఫాల్ట్ చేసేయండి. ప్రతి అడుగులో "సరేనా?" అని అడిగితే చెయ్యి అలవాటుగా వై కొట్టేస్తుంది, అందుకే ఒక్కసారే అడగండి, అదీ రైతులెందరో మొత్తం ఎంతో చూపించి, లాట్ నంబర్ టైప్ చేయించి. ఆటోమేటిక్‌గా నడిపే చోట జవాబు చెప్పే మనిషి ఉండడు కాబట్టి అక్కడ ప్రశ్న వేయకుండా ఎర్రర్ కోడ్‌తో ఆగిపోవాలి.

ఇవన్నీ అయ్యాక, ప్రోగ్రామ్‌ను ఎప్పుడూ చూడని ఒకరిని కూర్చోబెట్టి మీరు వెనక నిలబడండి. నోరు తెరవద్దు, ఎంత చెప్పాలనిపించినా సరే. వాళ్ల చెయ్యి ఆగిన ప్రతిచోటా స్క్రీన్ మీద ఏ మాట ఉందో రాసుకోండి, మార్చాల్సింది ఆ మాటనే. పీడీఎఫ్‌ను తీసేయకండి, తరుగు ఎంత శాతం, ఏ లెక్కన తీస్తున్నారో అందులో ఉండాలి. రేపు మీ సీట్లో కూర్చునే మనిషికి అది కావాలి.