స్టే ఇచ్చారా, విధించారా, తెచ్చుకున్నారా?

ప్రశ్న: మా పొలం దావాలో అవతలివాళ్ళ ఐ.ఏ. (దావా నడుస్తుండగా మధ్యలో వేసే అర్జీ) ఒకటి కింది కోర్టు కొట్టేస్తే వాళ్ళు హైకోర్టుకెళ్ళారు, అక్కడ స్టే వచ్చింది. ఇలాంటివాటికి పేపర్లో 'స్టే విధించింది' అని రాస్తారు, మా ప్లీడరుగారు 'స్టే ఇచ్చారు' అంటారు, మా పెద్దమ్మేమో 'స్టే తెచ్చుకున్నారు' అంటుంది. ఏది కరెక్టండీ? స్టేని 'స్థగనం' అనొచ్చా? (ఒక పాఠకురాలు, తణుకు)

జవాబు: అమ్మా, మీ పెద్దమ్మగారిదే అసలు తెలుగు. స్టే అనేది అడిగితేనే వచ్చేది కాబట్టి తెచ్చుకోవడమే. ప్లీడరుగారి మాటా తప్పు కాదు. ఇక విధించడం అంటారా, జరిమానా విధిస్తారు, పన్ను విధిస్తారు, కర్ఫ్యూ విధిస్తారు. స్టే మీ నెత్తిన పడింది కాబట్టి మీరు విధించారని ఏడిస్తే అర్థముంది, పేపరువాడికేం పోయింది? అవతలివాళ్ళకి అది పండగ కదా. 'తాత్కాలిక స్టే' అని కూడా రాసేస్తున్నారు, శాశ్వతంగా ఉండే స్టే ఎక్కడైనా ఉందా అని ఒక్క క్షణం ఆలోచించరు.

స్థగనం మాత్రం వద్దు. అది హిందీ వాళ్ళ 'స్థగన్ ఆదేశ్' చూసి మనవాళ్ళు ఎత్తుకొచ్చింది. సంస్కృతంలో స్థగ్ ధాతువుకి కప్పడం, దాచడం అని అర్థం, దాచేవాడు స్థగుడు, వాడే హిందీలో ఠగ్గయ్యాడు, అక్కణ్ణుంచి ఇంగ్లీషుకెళ్ళి థగ్గయ్యాడు. ఆ మాటని జడ్జిగారి ఆర్డరుకి తగిలిస్తారా!

అసలు స్టే మనకి పరాయిది కాదు, నాకు ఇష్టమైన సంగతి ఇదే, కాస్త ఓపిక పట్టండి. లాటిన్‌లో స్తారే అంటే నిలబడడం, అది పాత ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులో స్టే అయింది. సంస్కృతంలో దాని తోబుట్టువు స్థా ధాతువు, దాని రూపమే తిష్ఠతి, అందులోంచే మన 'తిష్ఠ వేసుక్కూచున్నాడు'. అంటే స్టేకీ తిష్ఠకీ వేరు ఒక్కటే. ఇప్పుడు మీ దావా చూడండి, మీరు పోట్లాడేది స్థిరాస్తి మీద, పోట్లాడేది ప్రతిష్ఠకి పోయి, వాళ్ళు తెచ్చుకున్నది స్టే, కోర్టు ఒక్కోసారి ఇచ్చేది స్టేటస్ కో, దాన్ని తెలుగులో రాస్తే యథాతథ స్థితి. అన్నీ ఆ ఒక్క వేరు పిల్లలే! కోర్టుల్లో ఏదీ కదలదంటే కదలదు మరి, మాటల్లోనే నిలబడడం ఉంది.

అన్నట్టు చాలామంది పై కోర్టులో కాగితం పడగానే కింద కేసు ఆగిపోయిందనుకుంటారు. ఇంజంక్షన్ (ఫలానా పని చెయ్యొద్దనే ఆర్డరు) లాంటివాటి మీద సి.ఎం.ఏ. అనే అప్పీలు వేసినా, అప్పీలు లేని ఉత్తర్వుల మీద సి.ఆర్.పీ. అనే రివిజన్ పిటిషన్ వేసినా, స్టే విడిగా అడిగి తెచ్చుకోవాల్సిందే. రివిజన్ వేసినంత మాత్రాన దావా ఆగదని 2002 జూలై 1 నుంచి సి.పి.సి. (సివిల్ ప్రొసీజర్ కోడ్) 115వ సెక్షన్‌లోనే రాసి పెట్టారు. చూశారా, పెద్దమ్మగారి 'తెచ్చుకున్నారు' చట్టానికి కూడా సరిపోయింది. పోనీ ఆర్నెల్లయితే స్టే దానంతటదే పోతుందా అంటే, 2018లో సుప్రీంకోర్టు అలాగే అంది గానీ 2024 ఫిబ్రవరి 29న ఐదుగురు జడ్జీల బెంచి కాదు, అలా పోదు అంది. తిష్ఠంటే తిష్ఠే.

తెలుగు మాట కావాలంటే 'నిలుపుదల' ఉంది, పనికొస్తుంది. కానీ 'స్టేను నిలుపుదల చేశారు' అని రాస్తే స్టే ఉన్నట్టా పోయినట్టా నాకే అర్థం కాదు, కాబట్టి స్టేని స్టే అనే ఉంచినా నేను కోప్పడను.

మీరు మాత్రం ఆర్డరు కాపీ తెప్పించుకుని అందులో స్టే అని ఉందో స్టేటస్ కో అని ఉందో చూడండి. మొదటిదైతే సాధారణంగా కింద విచారణ ఆగుతుంది, రెండోదైతే సాధారణంగా పొలం ఎలా ఉన్నది అలా ఉండాలి, విచారణ నడుస్తూనే ఉండొచ్చు.