సుక్కోత్ మొదటినుంచీ వాన పండుగే

"యూదుల పండుగల్ని వాతావరణ మార్పుతో ముడిపెట్టడం ఈమధ్య వచ్చిన ఫ్యాషనా?" అని ఒకరు అడిగారు. కాదండీ. నేను ఇజ్రాయెల్‌లోని హైఫాలో కేర్‌గివర్‌గా పనిచేస్తున్నాను. గోదావరి జిల్లాల వాళ్ళం, తెలంగాణ వాళ్ళం ఇక్కడ చాలామందిమి ఈ పనిలోనే ఉన్నాం. మేం చూసుకునే యూదుల ఇళ్ళలోనే ఉంటాం కాబట్టి పండుగలన్నీ దగ్గర్నుంచి చూస్తాం. సెప్టెంబరు-అక్టోబరుల్లో వారంపాటు చేసే పందిళ్ళ పండుగ సుక్కోత్ అయితే నా దృష్టిలో అచ్చంగా వాన పండుగ.

ఆ వారం పెరట్లో పందిరి వేసి, పైన ఖర్జూర మట్టలు పరుస్తారు. ఎండకంటే నీడ ఎక్కువ ఉండాలి, రాత్రి సందుల్లోంచి చుక్కలూ కనపడాలి. నేను చూసుకునే తాతగారు వీల్‌చైర్‌లోంచే "అక్కడ మరీ దట్టంగా ఉంది, కాస్త జరుపు" అంటూ మట్టలు సర్దిస్తారు. కిందటి సుక్కోత్‌కి ఉక్కపోత తట్టుకోలేక మనవడు పందిట్లోకి పోర్టబుల్ ఏసీ తెచ్చిపెట్టాడు. తాతగారికి ఎక్కడలేని కోపం వచ్చింది. "వాన అడగబోతున్నాం. ఎండ ఎలా ఉందో తెలియకపోతే ఏమని అడుగుతావు?" అని దాన్ని తీయించేదాకా ఊరుకోలేదు. పండుగ చివర, షెమినీ అత్సెరెత్ రోజున ఆయన్ని సినగాగ్‌కి, అంటే యూదుల ప్రార్థనా మందిరానికి తీసుకెళ్ళాను. తెల్లటి అంగీ వేసుకున్నాయన వాన ప్రార్థన పాడుతుంటే తాతగారు ఏడ్చేశారు. బయట ఎక్కడా మబ్బు తునక లేదు.

ఇంటికొచ్చాక వివరంగా చెప్పారు. ఆ రోజు వానను తలుచుకోవడమే. "కురిపించు" అని అడిగేది ఇంకో రెండు వారాలు ఆగి, యూదుల క్యాలెండర్‌లో హెష్వాన్ నెల 7న. యెరూషలేముకు వచ్చిన యాత్రికుల్లో ఆఖరివాడు కూడా దారిలో తడవకుండా యూఫ్రటీస్ నది చేరేదాకా ఆగాలని మిష్నా అనే పాత యూదు ధర్మశాస్త్ర గ్రంథంలో ఉందట. ఆ నెల 17కీ చినుకు పడకపోతే పెద్దలు ఉపవాసాలు మొదలుపెట్టేవారట. మృగశిర కార్తె కోసం ఎదురుచూసే ఇంట్లో పుట్టినవాణ్ణి, ఆ టెన్షన్ నాకు తెలుసు.

ఆయన భయం ఉత్తదేం కాదు. 2010లో వానలు ఆలస్యమై హైఫా పక్కనే ఉన్న కార్మెల్ కొండ ఎండిపోయి ఉంది. డిసెంబరు 2న, హనుక్కా అనే దీపాల పండుగ రోజుల్లోనే, అడవి అంటుకుని 44 మంది చనిపోయారు. మామూలుగా వానలు పడాల్సిన నెల అది!

నాకు బాధ కలిగించేది ఇంకొకటి ఉంది. ఇదే సుక్కోత్‌కి వీధి చివర చెత్తడబ్బాలన్నీ వాడి పారేసే ప్లాస్టిక్ ప్లేట్లతో పొంగిపోతాయి. 2021 నవంబరులో వాటిమీద పన్ను వేశారు. ప్రభుత్వం మారాక ఎత్తేశారు, పిల్లలు ఎక్కువున్న ఇళ్ళకు భారమని. గిన్నెలు తోమే కష్టం నాకూ తెలుసు. కానీ యుద్ధంలో కూడా పండ్ల చెట్టు నరకొద్దని యూదుల పవిత్ర గ్రంథం తోరా చెబుతుంది. దేన్నీ ఊరికే పాడుచేయకూడదన్న నియమాన్ని రబ్బీలు, అంటే యూదు మతగురువులు, అందులోంచే తీశారు. అలాంటప్పుడు ఆ పన్ను మళ్ళీ పెట్టమని ముందుగా అడగాల్సింది రబ్బీలే. వాళ్ళు గట్టిగా అడిగితే ఏ ప్రభుత్వమూ కాదనదు.