పొయిరో ఒక్కడే కాదు: డేవిడ్ సూషే నటజీవితం గురించి పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: అగాథా క్రిస్టీ సృష్టించిన డిటెక్టివ్ పొయిరో కథల ఆధారంగా తీసిన టీవీ ధారావాహికను ఇటీవలే మొదటి నుంచి చివరి దాకా చూశాను. ఆ పాత్ర ధరించిన డేవిడ్ సూషే దాని కోసమే పుట్టారేమో అనిపించింది. అంతకు ముందు ఆయన ఏం చేసేవారు? ఈ పాత్రతోనే నటుడయ్యారా?

జవాబు: ఇంగ్లండులో ఐటీవీ అనే టీవీ ఛానల్ ఆ ధారావాహిక మొదటి భాగాన్ని 1989 జనవరి 8న ప్రసారం చేసే నాటికి సూషేకు నలభై రెండేళ్లు నిండాయి, వృత్తి నటుడిగా ఇరవై ఏళ్ల అనుభవం ఉంది. ఆయన 1946 మే 2న లండన్‌లో పుట్టారు. తండ్రి వైద్యుడు, తల్లి ఒకప్పటి నటి. కౌమారంలోనే నేషనల్ యూత్ థియేటర్‌లో చేరి, ఆ తరువాత లామ్డా అనే పేరుతో అందరికీ తెలిసిన లండన్ నాటక విద్యాలయంలో శిక్షణ పొంది, 1969లో చెస్టర్ పట్టణంలోని గేట్‌వే థియేటర్‌లో వృత్తి జీవితం మొదలుపెట్టారు. 1973లో రాయల్ షేక్‌స్పియర్ కంపెనీలో చేరారు. ఆయన నటనకు అసలైన పునాది పడింది అక్కడే.

ఆ కంపెనీ పనితీరు తెలిస్తే తప్ప ఆయన ప్రతిభ ఎక్కడి నుంచి వచ్చిందో అర్థం కాదు. అక్కడ ఒకే కాలంలో పలు నాటకాలు మార్చి మార్చి ఆడతారు కాబట్టి, ఒక నటుడు ఒక రాత్రి కత్తి పట్టిన యువకుడిగా, మరునాటి రాత్రి రాజు వెంట తిరిగే విదూషకుడిగా కనిపించవలసి వస్తుంది. రోమియో జూలియట్‌లో టిబాల్ట్, కింగ్ లియర్‌లో విదూషకుడు, రెండవ రిచర్డ్‌లో బోలింగ్‌బ్రోక్, ఒథెల్లోలో బెన్ కింగ్‌స్లీ సరసన ఇయాగో, ఇలా ఒకదానితో ఒకటి పోలిక లేని పాత్రలను సూషే ధరించారు. కథానాయకుడి ముఖవర్చస్సు, ఎత్తు తనకు లేవని ఆయనకు మొదటి నుంచీ తెలుసు. క్యారెక్టర్ నటుడిగానే నిలబడాలని ఆయన స్థిరపరచుకున్నారు.

వృత్తిలోకి వచ్చిన తొలి రోజుల్లోనే తాను అసలు ఎందుకు నటిస్తున్నానన్న ప్రశ్న ఆయనను వేధించింది. నటుడు ఉన్నది రచయితకు సేవ చేయడానికేనని ఆయన చివరికి తేల్చుకున్నారు. అప్పటి నుంచి ఏ పాత్ర చేతికి వచ్చినా, ఈ మనిషిని నాటకంలో నుంచి తీసేస్తే ఏం పోతుంది, రచయితకు ఇతనితో ఏం పని అని ముందుగా వెతకడం ఆయన పద్ధతి అయింది. ఆయన సాధించినదంతా ఈ ఒక్క ప్రశ్న నుంచే వచ్చిందని నేను నమ్ముతాను. 1978లో షేక్‌స్పియర్ టెంపెస్ట్ నాటకంలో కాలిబన్ పాత్ర వచ్చినప్పుడు అతణ్ణి సగం జంతువులా చూపాలన్న ఆలోచన ముందుకు వచ్చింది. సూషే మూలం తెరిచి, కాలిబన్‌ను ఎవరెవరు ఏమని పిలుస్తున్నారో గమనించారు. చేప అన్నది అతణ్ణి మొదటిసారి చూసి బెదిరిన ట్రింక్యులో అనే విదూషకుడి నోటి మాటే తప్ప నాటకకర్త నిర్ణయం కాదు. ఆ ఆధారంతో తన ద్వీపాన్ని పోగొట్టుకున్న మనిషిగానే ఆ పాత్రను నిలబెట్టాలని ఆయన పట్టుబట్టి, అలాగే నిలబెట్టారు.

ప్రశ్న: పొయిరో నడక, మాట, కూర్చునే తీరు అన్నీ ఎంతో సహజంగా కనిపిస్తాయి. వాటిని ఆయన ఎలా రూపొందించుకున్నారో వివరంగా తెలియజేయగలరు.

జవాబు: ఒక విచిత్రంతో మొదలుపెట్టాలి. 1985లో పీటర్ ఉస్తినోవ్ పొయిరోగా నటించిన ఒక టీవీ చిత్రంలో పోలీసు ఇన్‌స్పెక్టర్ జాప్ వేషం సూషేదే. అది తన నటనల్లోకెల్లా నాసిరకమైనదని ఆయనే తరువాత చెప్పుకున్నారు. కొన్నేళ్లకు నిర్మాత బ్రయన్ ఈస్ట్‌మన్ పొయిరో పాత్రను ఆయనకు ఇవ్వజూపినప్పుడు ఆయన వెంటనే మేకప్ వైపు చూడలేదు. క్రిస్టీ రాసిన పొయిరో కథలు చదవడం మొదలుపెట్టి, ఆ మనిషి అలవాట్లు, ఇష్టాయిష్టాలు, దుస్తులు, తిండి, భక్తి అన్నింటినీ ఒక్కొక్కటిగా రాసుకుంటూ పోయారు. ఆ జాబితా 93 అంశాల వరకు సాగింది, చిత్రీకరణలో అది ఎప్పుడూ ఆయన వెంట ఉండేది.

గొంతు సంగతి ముఖ్యమైనది. సూషే సహజ స్వరం ఛాతీలో నుంచి వచ్చే మంద్రస్వరం. పొయిరో బుద్ధితో బతికే మనిషి కనుక అతని మాట కూడా తలలో నుంచే రావాలని భావించి, ఆయన తన స్వరాన్ని ఛాతీ నుంచి పైకి, తల దాకా తీసుకువెళ్లారు. యాస కోసం ఫ్రెంచి మాట్లాడే బెల్జియన్ల రేడియో ప్రసంగాలు విన్నారు. పొయిరోను అందరూ ఫ్రెంచివాడనుకోవడం, అతడు తాను బెల్జియన్‌నని సరిదిద్దడం కథల్లో పదేపదే వచ్చే సన్నివేశం కాబట్టి, యాస ఫ్రెంచివాడిదిగా వినిపిస్తూనే బెల్జియన్‌ది కావాలి. నడక విషయంలో క్రిస్టీ వర్ణనే ఆధారమైంది: బిగుతైన పేటెంట్ లెదర్ బూట్లు, చిన్న చిన్న అడుగులు, వేగం. ప్రసిద్ధ నటుడు లారెన్స్ ఒలీవియే చెప్పినట్టుగా ప్రచారంలో ఉన్న ఒక కిటుకు ఆయనకు గుర్తొచ్చి, పిరుదుల నడుమ ఒక నాణేన్ని బిగించి పట్టుకుని, అది జారిపోకుండా తోటలో నడిచి సాధన చేశారు. కడుపు, భుజాల దగ్గర మెత్తలు అమర్చిన తరువాత ఆ నడకకు ఆకారం కూడా తోడైంది.

తొలి చిత్రీకరణ రోజుల నాటి ఒక చిన్న ఘర్షణ గురించి చెప్పకుండా ఈ సమాధానం పూర్తి కాదు. పార్కులో బెంచీ మీద కూర్చోవలసిన దృశ్యమది. పొయిరో జేబురుమాలు తీసి, బెంచీని తుడిచి, దాన్ని పరిచి, ప్యాంటు మడత నలగకుండా కూర్చుంటాడని సూషే భావించారు. అది హాస్యాస్పదంగా ఉంటుందని దర్శకుడు ఒప్పుకోలేదు. షూటింగు ఆగిపోయి, నిర్మాత వచ్చి సూషే పక్షాన తీర్పు చెప్పవలసి వచ్చింది. జేబురుమాలు చిన్న వస్తువే. కానీ ఆ రోజు ఆయన వెనక్కి తగ్గి ఉంటే, తరువాతి ఇరవై నాలుగేళ్లూ మనం చూసింది మరొక మనిషిని అయ్యుండేది. క్రిస్టీ కుమార్తె రోజలిండ్ హిక్స్ అంతకు ముందే ఆయనను భోజనానికి పిలిచి, ప్రేక్షకులు పొయిరోతో కలిసి నవ్వాలే తప్ప పొయిరోను చూసి నవ్వకూడదని గట్టిగా చెప్పారు. బెంచీ తుడిచే పనిని వెకిలితనంగా కాక ఆ మనిషి సహజ ధర్మంగా చేసి చూపడంలో ఆమె షరతు నెరవేరింది.

ప్రశ్న: ఒకే పాత్రను అన్నేళ్లు వేసిన నటుడికి మరో పాత్ర దొరకదంటారు. సూషే ఆ ముద్ర నుంచి ఎలా తప్పించుకున్నారు?

జవాబు: 1989 నుంచి 2013 నవంబరు దాకా 13 విడతల్లో 70 భాగాలు వచ్చాయి. అయితే అవి ఏటా క్రమం తప్పకుండా వచ్చినవి కావు. తరువాతి విడత ఉంటుందో లేదో తెలియని విరామాలు ఎన్నో ఉండేవి, మధ్యలో కొన్నేళ్ల పాటు నిర్మాణమే ఆగిపోయింది. ఉద్యోగ భద్రత లేని ఆ ఖాళీలే ఆయనను కాపాడాయి. ఖాళీ దొరికినప్పుడు ఆయన తరచూ వేదిక మీదికి వెళ్లారు, అక్కడ కూడా పొయిరో ఛాయ పడే అవకాశమే లేని పాత్రలను ఎంచుకున్నారు.

1993లో రాయల్ కోర్ట్ థియేటర్‌లో హెరాల్డ్ పింటర్ దర్శకత్వంలో డేవిడ్ మామెట్ నాటకం ఒలియానాలో విద్యార్థిని ఆరోపణలకు గురైన అధ్యాపకుడిగా నటించారు. 1996లో డయానా రిగ్ సరసన ఎడ్వర్డ్ ఆల్బీ నాటకంలో, తాగిన మైకంలో భార్యతో మాటల యుద్ధం చేసే జార్జ్ పాత్ర వేశారు. 1998లో అమేడియస్ నాటకంలో సాలియేరి అనే సంగీతకర్త పాత్రకు లండన్‌లో వచ్చిన పేరు ఆయనను న్యూయార్క్ బ్రాడ్‌వే దాకా తీసుకువెళ్లి, అమెరికా నాటకరంగంలో ఇచ్చే టోనీ పురస్కారానికి నామినేషన్ తెచ్చింది. సాలియేరి నాటకమంతా ప్రేక్షకులతో నేరుగా మాట్లాడుతూ, మోజార్ట్ ప్రతిభ చూసి కుమిలిపోతూ, వృద్ధాప్యానికీ యౌవనానికీ మధ్య తిరుగుతూ ఉండాలి. పొయిరో సంయమనానికి అది పూర్తిగా ఎదురు దిశ. తరువాత 2010లో ఆర్థర్ మిల్లర్ ఆల్ మై సన్స్‌లో లోపమున్న విమాన భాగాలను అమ్మిన తండ్రిగా, 2012లో యూజీన్ ఓనీల్ నాటకంలో జేమ్స్ టైరోన్‌గా, 2015లో ఆస్కార్ వైల్డ్ హాస్యనాటకంలో లేడీ బ్రాక్‌నెల్ అనే స్త్రీ పాత్రలో, 2019లో మిల్లర్‌దే మరో నాటకంలో పాత సామాన్లు కొనే ముసలి వ్యాపారిగా ఆయన కనిపించారు.

టీవీలోనూ ఆయన ఒకే దారిలో నడవలేదు. 1984లో బీబీసీకి ఫ్రాయిడ్‌గా, మరుసటి ఏడు బ్లాట్ అనే విచిత్రమైన తోటమాలిగా నటించిన ఆయన, 2001లో ట్రాలప్ నవల ది వే వుయ్ లివ్ నౌ ఆధారంగా తీసిన ధారావాహికలో మెల్మాట్ అనే ఘరానా పెట్టుబడిదారు పాత్రను పోషించారు. అతను గదిలో అడుగుపెట్టగానే మిగతా వాళ్లంతా ఒక అంగుళం కుంచించుకుపోయినట్టు కనిపిస్తుంది. 2007లో పత్రికాధిపతి రాబర్ట్ మాక్స్‌వెల్‌గా నటించినందుకు మరుసటి ఏడాది అంతర్జాతీయ ఎమ్మీ పురస్కారం వచ్చింది. ఇంత పేరు తెచ్చిన పొయిరోకు కాక మాక్స్‌వెల్‌కు ఆ గౌరవం దక్కడం నాకు సబబుగానే తోస్తుంది.

ప్రశ్న: నేను నాటక శాఖలో విద్యార్థిని. ఒకే పాత్రను ఒకే దర్శకుడి దగ్గర ఇద్దరు నటులు వేరువేరుగా ఆడిన సందర్భం ఉంటే చెప్పగలరా?

జవాబు: మీకు కావలసిన ఉదాహరణ సూషే జీవితంలోనే ఉంది. రాయల్ షేక్‌స్పియర్ కంపెనీలో దర్శకుడు జాన్ బార్టన్ మర్చంట్ ఆఫ్ వెనిస్‌లో యూదు వడ్డీ వ్యాపారి షైలాక్ పాత్రను 1978లో పాట్రిక్ స్టూవర్ట్‌తోనూ, 1981లో డేవిడ్ సూషేతోనూ చేయించారు. ఆ తరువాత నటనపై బార్టన్ నిర్వహించిన టీవీ పాఠాల్లో ఈ ఇద్దరూ పక్కపక్కనే కూర్చుని, షైలాక్ సన్నివేశాలను ఒకరి తరువాత ఒకరు ఆడి చూపించారు. స్టూవర్ట్ దృష్టిలో షైలాక్ మొదట డబ్బు మనిషి, యూదు కావడం తరువాతి సంగతి. అతని బట్టలు మాసినవి, చుట్టుకున్న సిగరెట్టు ముక్కను కూడా దాచుకునేంత లోభి. సూషే, స్వయంగా యూదు మూలాలున్న కుటుంబం నుంచి వచ్చినవారు కావడం వల్ల కూడా కావచ్చు, ఆ ఊరు షైలాక్‌ను వెలివేసినట్టు చూడటమే పాత్రకు ఆయువుపట్టు అన్నారు. ఆయన షైలాక్ చేతిలో చుట్ట ఉంటుంది, దుస్తుల్లో సంపద కనిపిస్తుంది, అయినా అతను బయటివాడే.

మాటలు ఒకటే, దర్శకుడు ఒకరే, ఇద్దరి వాదనలకూ నాటకంలోనే ఆధారాలున్నాయి. ఒకరు తప్పని తేల్చడం బార్టన్ ఉద్దేశం కాదు. ఏ పంక్తి ఎవరికి ఆధారమైందో మీరు గ్రంథం దగ్గర పెట్టుకుని గుర్తుపెడుతూ చూడండి. నాటక శాఖలో ఒక సెమిస్టర్ పాఠానికి సరిపడే సరుకు అందులో ఉందని నా అభిప్రాయం.

ప్రశ్న: సూషేకు ప్రభుత్వ గౌరవాలు ఏమైనా దక్కాయా?

జవాబు: దక్కాయి. బ్రిటిష్ ప్రభుత్వ గౌరవాలైన ఓబీఈ 2002లో, దానికన్నా పై స్థాయి సీబీఈ 2011లో, పేరుకు ముందు సర్ అని చేర్చుకునే నైట్ హోదా 2020లో లభించాయి. ఇప్పుడాయన సర్ డేవిడ్ సూషే.

ప్రశ్న: మా నాటక సమాజంలో పదేళ్లుగా నటిస్తున్నాను. ఒక దీర్ఘ ధారావాహికలో అవకాశం వచ్చింది. చేరితే వేదికకు దూరమవుతానని భయంగా ఉంది. సూషే లాంటి వారి అనుభవం నాకేమైనా పనికొస్తుందా?

జవాబు: మీ భయం అర్థం లేనిది కాదు. వేదిక మీద నటుడు మొదటి అంకం నుంచి చివరి దాకా పాత్రతో పాటు ప్రయాణిస్తాడు, చివరి వరుస దాకా గొంతు చేరవేస్తాడు. కెమెరా ముందు కథ ముక్కలుగా, క్రమం తప్పి వస్తుంది, కనురెప్ప కదలిక కూడా లెక్కలోకి వస్తుంది. సూషే పొయిరో మరణాన్ని చిత్రీకరించింది చివరి విడత మొదట్లో. ఆ తరువాత మిగిలిన కథల కోసం మళ్లీ ఆరోగ్యవంతుడైన పొయిరోగా మారి, డెవన్‌లో ఒకప్పుడు క్రిస్టీ నివసించిన గ్రీన్‌వే భవనంలో ఆఖరి రోజుల పని ముగించారు. పాత్ర జీవితమంతా మనసులో ఒక్క తీగగా ఉన్న నటుడు మాత్రమే ఇలా వెనక్కీ ముందుకీ వెళ్లగలడు, ఆ శక్తి ఆయనకు నాటకాల నుంచే వచ్చింది. అంటే మీ పదేళ్ల సాధన కెమెరా ముందు వృథా కాదు.

కాబట్టి అవకాశాన్ని తీసుకోమనే నా సలహా. అయితే సంతకం పెట్టే ముందు రెండు విషయాలు అడిగి తెలుసుకోండి. ధారావాహిక విరామాల్లో ఇతర నాటకాలు ఆడే స్వేచ్ఛను ఒప్పందం మీకు ఇస్తున్నదా అన్నది మొదటిది. మీ పాత్రకు కథలో ఏం పని ఉందో రచయిత చెప్పగలుగుతున్నారా అన్నది రెండవది. మొదటి దానికి కాదన్న జవాబు వస్తే బేరమాడండి. రెండవ దానికి జవాబే రాకపోతే ఆ పాత్ర ఎన్ని వందల భాగాలు సాగినా మీకు నేర్పేది ఏమీ ఉండదు, నిస్సంకోచంగా వదులుకోండి. సమాజంలో మీ తరువాతి నాటకం తేదీలను నిర్మాతలకు ఇప్పుడే రాతపూర్వకంగా తెలియజేయండి.