మెనూ వస్తోంది, ఎంటర్ కొడితే నలుపే!

ప్రశ్న: విడిభాగాలు కొనుక్కుని నేనే కంప్యూటర్ బిగించుకున్నానండీ. ఎన్విడియా గ్రాఫిక్స్ కార్డు వేశాను. విండోస్ బదులు ఉబుంటు అనే లినక్స్ సిస్టమ్ ఇన్‌స్టాల్ చేద్దామని పెన్‌డ్రైవ్ పెడితే మెనూ చక్కగా వస్తోంది. మొదటి వరుస మీద ఎంటర్ కొట్టగానే స్క్రీన్ నల్లబడిపోతోంది. ఫ్యాన్లు మాత్రం తిరుగుతూనే ఉంటాయి. కార్డు పోయిందని ఫ్రెండ్ అంటున్నాడు, ర్యామ్ సరిగ్గా కూర్చోలేదని అన్నయ్య అంటున్నాడు. ఒకటే టెన్షన్‌గా ఉంది. ముందు ఏది విప్పాలి?

జవాబు: ఏదీ విప్పకండి. స్క్రూడ్రైవర్ లోపల పెట్టేయండి. అసలు సంగతి మీ ప్రశ్నలోనే ఉంది: మెనూ వస్తోంది. ర్యామ్ కూర్చోకపోతే మామూలుగా మెనూ దాకానే రాదు. మానిటరో కేబులో పోయుంటే ఆ అక్షరాలే కనిపించవు. పవర్ నొక్కినప్పటి నుంచీ నలుపే అయ్యుంటే నేనూ ర్యామ్ దగ్గరే మొదలుపెట్టమనేవాణ్ణి. చాలామంది ‘బ్లాంక్ స్క్రీన్’ అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటారు, ఎప్పుడు నల్లబడిందో చెప్పరు. మీరు చెప్పారు కాబట్టి సగం పని అయిపోయింది.

మెనూ వరకు తెర వ్యవహారం మదర్‌బోర్డు ఫర్మ్‌వేర్, అంటే బోర్డులోనే ఉండే చిన్న ప్రోగ్రామ్, చూసుకుంటుంది. ఎంటర్ కొట్టాక ఉబుంటుకు గుండెకాయలాంటి లినక్స్ కెర్నల్ లేచి, తన సొంత డ్రైవర్‌తో (కార్డును నడిపించే ప్రోగ్రామ్‌తో) కార్డును పట్టుకుని రిజల్యూషన్ మారుస్తుంది. 2009 ప్రాంతం నుంచి ఈ పని కెర్నల్ చేతిలోకి వచ్చింది. ఎన్విడియా కార్డులకు అందులో ఉండే డ్రైవర్ పేరు నూవో. కార్డు ఎలా పనిచేస్తుందో బయటి నుంచి పరిశీలించి, ఔత్సాహికులు రాసుకుంటూ వచ్చిన డ్రైవర్ అది. కార్డు కొత్తదైతే తడబడడం మామూలే. మీ తెర ఆరిపోతున్నది సరిగ్గా అక్కడే.

నల్లబడ్డాక కాసేపాగి క్యాప్స్ లాక్ నొక్కి చూడండి. కీబోర్డు మీద లైటు వెలిగి ఆరుతుంటే లోపల సిస్టమ్ నడుస్తోంది, బొమ్మే రావట్లేదు. లైటు కదలకపోతే కెర్నల్ బిగుసుకుపోయి ఉండొచ్చు. కేబుల్ మదర్‌బోర్డుకు పెట్టారా, కార్డుకు పెట్టారా అన్నది కూడా చూసుకోండి. ప్రాసెసర్‌లోనూ గ్రాఫిక్స్ ఉంటే, మెనూ ఒక పోర్టులో కనిపించి ఆ తర్వాతి బొమ్మ ఇంకో పోర్టుకు పోవడం జరుగుతుంది. కేబుల్ కార్డుకే ఉండాలి.

ఇక మందు. మెనూలో మొదటి వరుస మీద ఉండగా ఇంగ్లిష్ ‘ఇ’ అక్షరం కీ నొక్కండి. కొన్ని వరుసల రాత వస్తుంది. అందులో ‘లినక్స్’ అనే మాటతో మొదలయ్యే వరుసలో క్వయట్, స్ప్లాష్ అని రెండు మాటలుంటాయి. రెండూ చెరిపేసి ఆ చోట నోమోడ్‌సెట్ అని కొట్టండి. ఇంగ్లిష్ చిన్నక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా: ఎన్, ఓ, ఎమ్, ఓ, డి, ఇ, ఎస్, ఇ, టి. పక్క మాటలకు అతుక్కోకుండా అటూ ఇటూ ఒక్కో ఖాళీ ఉంచండి. తర్వాత ఎఫ్10 నొక్కండి. రిజల్యూషన్ జోలికి పోకుండా, ఫర్మ్‌వేర్ ఇచ్చిన తెరతోనే సర్దుకోమని కెర్నల్‌కు చెప్పడమన్నమాట. బొమ్మ కాస్త మొరటుగా ఉంటుంది, ఇన్‌స్టాల్‌కు అది చాలు.

మెనూలోనే ‘సేఫ్ గ్రాఫిక్స్’ అనే వరుస ఉంది కదా అంటారేమో. ఉంది, అదీ ఇదే పని చేస్తుంది. అయినా చేత్తో కొట్టడం నేర్చుకోమనే అంటాను. ఎందుకంటే ఇన్‌స్టాల్ అయ్యి, పెన్‌డ్రైవ్ తీసేసి, మొదటిసారి ఆన్ చేసినప్పుడు మళ్లీ నలుపు రావచ్చు. అక్కడే చాలామంది నీరుగారిపోయి మొత్తం మొదటి నుంచి ఇన్‌స్టాల్ చేస్తారు. అనవసరం. మదర్‌బోర్డు లోగో పోగానే ఎస్కేప్ ఒక్కసారి నొక్కితే మెనూ వస్తుంది, మళ్లీ అదే మార్పు చేయండి. కంగారులో ఎస్కేప్ టపటపా కొట్టేస్తే మెనూ దాటిపోయి ‘గ్రబ్’ (ఈ మెనూ చూపించే ప్రోగ్రామ్) కమాండ్ వరుసలో పడతారు. ఇలా మెనూలో రాసిన మార్పు ఆ ఒక్క బూట్‌కే పనిచేస్తుందని గుర్తుంచుకోండి.

డెస్క్‌టాప్ కనిపించాక ‘అడిషనల్ డ్రైవర్స్’ తెరిచి, ఎన్విడియా వాళ్ల సొంత డ్రైవర్లలో ‘టెస్టెడ్’ అని ఉన్నదాన్ని ఎంచుకోండి. సెక్యూర్ బూట్ (నమ్మకమైన సంతకం లేని ప్రోగ్రాములను ఆన్ అయ్యేటప్పుడు అడ్డుకునే మదర్‌బోర్డు సెట్టింగు) ఆన్‌లో ఉంటే అప్పుడు ఒక పాస్‌వర్డ్ పెట్టమంటుంది. రీస్టార్ట్‌లో నీలం తెర వచ్చి, ఏదో ఒక కీ నొక్కమని పది నుంచి వెనక్కి లెక్కపెడుతుంది. అది వైరస్ కాదు, భయపడి వదిలేయకండి. కీ నొక్కి, ‘ఎన్‌రోల్ ఎంఓకే’ ఎంచుకుని, ఇందాకటి పాస్‌వర్డ్ కొట్టండి. ఇది దాటవేస్తే డ్రైవర్ డిస్క్‌లో ఉన్నా లోడ్ కాదు.

కొత్త డ్రైవర్ పనిచేయడం మొదలయ్యాక నోమోడ్‌సెట్ ఉండకూడదు. ఎప్పటికీ ఉండేలా గ్రబ్ సెట్టింగుల ఫైల్లో రాసేసుకుని, వీడియోలు నత్తనడక నడుస్తున్నాయని ఉత్తరాలు రాసేవాళ్లున్నారు. అక్కడ రాసి ఉంటే తీసేసి, అప్‌డేట్-గ్రబ్ కమాండ్ ఇవ్వండి. ఏఎండీ కార్డున్న పాఠకులకు ఒక మాట: మీకు వేరే డ్రైవర్ వెతుక్కునే పని సాధారణంగా ఉండదు, అది కెర్నల్‌లోనే ఉంటుంది. కార్డు మరీ కొత్తదైతే, కొత్త కెర్నల్‌తో వచ్చే తాజా ఉబుంటు తెచ్చుకోండి.

ఇంతా చేసినా నలుపే అయితే, క్వయట్, స్ప్లాష్ చెరిపేశారు కాబట్టి ఆరిపోయే ముందు తెర మీద అక్షరాలు పరుగెడతాయి. ఫోన్‌లో వీడియో తీసి, ఆఖరి నాలుగైదు వరుసలు, కార్డు మోడల్ రాసి పంపండి. చూస్తాను.