తాలు ఏరే చేతులు: ఒక యువ రచయిత్రికి లేఖ

గుణదల, విజయవాడ

చిరంజీవికి,

ఆశీస్సులు. ఫిరంగిపురం దగ్గరి మీ ఊరి నుంచి నీవు పంపిన వ్యాసం అందింది. రెండుసార్లు చదివాను, రెండోసారి పెన్సిలు పట్టుకుని చదివాను. ప్రకృతి, సుగుణం, విజ్ఞానశాస్త్రం, మానవ వికాసం, వీటన్నిటి మీద కతోలిక తత్త్వం ఏమంటుందో పది పేజీల్లో చెప్పాలని నీవు పడిన ఆరాటం నాకు నచ్చింది. వ్యాసం మాత్రం నచ్చలేదు. నీవు మిర్చి రైతు బిడ్డవై ఉండి కూడా, ఈ పది పేజీల్లో ఒక్క మిరపకాయ అయినా కనిపించకపోవడం దానికి ముఖ్య కారణం.

ముందు మాటల సంగతి చూద్దాం. మొదటి పేజీలో ‘ప్రకృతి దేవుడు మనకిచ్చిన కానుక’ అన్నావు. మూడో పేజీలో ‘మానవ ప్రకృతి బలహీనమైనది’ అన్నావు. మొదటి చోట పాఠకుడికి కృష్ణా నది, కొండలు, చెట్లు కనిపిస్తాయి. రెండో చోట మనిషి గుణం కనిపిస్తుంది. ఒకే మాట రెండు బరువులు మోస్తోందని నీవు గమనించలేదు, అతడూ గమనించడు, కానీ ఎక్కడో దారి తప్పినట్టు మాత్రం అతడికి అనిపిస్తుంది. కతోలిక వేదాంతి పునీత థామస్ అక్వినాస్ పదమూడో శతాబ్దంలో గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిల్ నుంచి తీసుకున్న భావం ఈ రెండింటిలో ఏదీ కాదు. ఒక వస్తువు తనంతట తాను ఎటువైపు ఎదగడానికి మొగ్గుతుందో, ఏది అయినప్పుడు అది పూర్తిగా తానవుతుందో, దాన్ని ఆయన దాని స్వభావం అన్నాడు. విత్తనం స్వభావం తెలియాలంటే విత్తనాన్ని కోసి చూస్తే చాలదు, కాపు మీద ఉన్న చెట్టును చూడాలి.

దీనికి మన భాషలో ‘ధర్మం’ అనే మాట చాలా దగ్గరగా వస్తుంది. నిప్పు ధర్మం కాల్చడం అంటాం. బడిలో లోహాల ధర్మాలు చదివాం. మాట తప్పడం ధర్మం కాదనీ అంటాం. రసాయన శాస్త్రానికీ నీతికీ ఒకే మాట సరిపోయే భాష చేతిలో ఉన్నందుకు నీవు సంతోషించవచ్చు, కానీ ఆ మాటను జాగ్రత్తగా వాడాలి. మన జిల్లాల్లో ఆ మాట పేరు చెప్పే తరతరాలుగా కొందరిని ఊరిబావికి దూరంగా నిలబెట్టారు. గుంటూరు, కృష్ణా జిల్లాల్లో క్రీస్తును నమ్మినవారిలో చాలామంది అలా నిలబడ్డవారి బిడ్డలే. చర్చి విచారణల్లోకి, అంటే మన గుడి పరిధుల్లోకి, వచ్చాక కూడా కులం గుమ్మం బయట ఆగిపోలేదని నీకూ తెలుసు, నాకూ తెలుసు. అందుచేత ‘ఇది సహజం, ఇది స్వభావం’ అని రాసిన ప్రతిచోటా, నేను స్వభావం గురించి చెబుతున్నానా, ఆచారం గురించి చెబుతున్నానా అని నిన్ను నీవు ప్రశ్నించుకో. అరిస్టాటిల్ అంతటివాడే కొందరు పుట్టుకతోనే బానిసలన్నాడు. అమెరికా ఖండాల మూలవాసులు మనుషులేననీ, వారి స్వేచ్ఛనూ ఆస్తినీ హరించరాదనీ 1537లో మూడో పౌలు పోపు ప్రకటించవలసి వచ్చిందంటే, స్వభావం అనే మాటను అప్పటికే ఎంత అన్యాయానికి వాడుకున్నారో ఊహించుకో.

వికాసం దగ్గర నీ కలం బాగా తడబడింది. ‘సంపూర్ణ అభివృద్ధి’ అన్నావు, ‘సర్వతోముఖ ప్రగతి’ అన్నావు. అవి ప్రభుత్వ ప్రకటనల భాష. మీ నాన్నగారిని అడిగితే ఇంతకంటే స్పష్టంగా చెబుతారు. యూరియా ఎక్కువ వేసిన చేను ఏపుగా, నల్లగా నిగనిగలాడుతూ పెరుగుతుంది, దారిన పోయేవాడు ఆగి చూస్తాడు, కానీ పూత నిలవదు, కాయ పట్టదు. ఏపు వేరు, కాపు వేరు. తత్త్వవేత్తలు వేల సంవత్సరాలుగా ధనానికీ ధన్యతకూ మధ్య గీయడానికి ప్రయత్నిస్తున్న గీత ఈ రెండు మాటల మధ్యనే ఉంది. పైగా కాపు అంటే పండడమే కాదు, కాపలా కాయడం కూడా. (మూడో అర్థం జోలికి మనం వెళ్ళవద్దు.) ఆదికాండం రెండో అధ్యాయంలో దేవుడు మనిషిని తోటలో ఉంచింది దాన్ని సాగు చేయడానికీ, కాయడానికీ. 2015లో పర్యావరణం మీద లోకమంతటికీ రాసిన విశ్వలేఖలో పోపు ఫ్రాన్సిస్ భూమి మీద మనిషికి ఇష్టారాజ్యం ఇచ్చారనే వాదాన్ని కాదన్నది ఈ రెండు పనులనూ కలిపి చూపించే.

ఇక సుగుణాలు. వివేకం, న్యాయం, ధైర్యం, మితం అనే నాలుగు మూల సుగుణాలనూ, విశ్వాసం, నిరీక్షణ, ప్రేమ అనే మూడు దైవిక సుగుణాలనూ వరుసగా పేర్చి రెండు పేజీలు నింపావు. సత్యోపదేశం (మత బోధన) తరగతిలో అది మంచి జవాబే, వ్యాసంలో మాత్రం నిద్ర తెప్పిస్తుంది. అక్వినాస్ సుగుణాన్ని లాటిన్‌లో ‘హాబితుస్’ అన్నాడు. దాన్ని నీవు ‘మంచి అలవాటు’ అని రాశావు, కానీ అలవాటు అంటే మనకు పొద్దున్నే టీ తాగడం గుర్తుకొస్తుంది. అందులో ఆలోచన లేదు, ఎంపిక లేదు. ఆయన చెప్పినదానికి సరిపోయేది మన నుడికారంలోని ‘చేయి తిరగడం’. చేయి తిరిగినవాడు పని తప్పక చేస్తాడు, సులువుగా చేస్తాడు, ఇష్టంగా చేస్తాడు, కొత్త చిక్కు వస్తే దానికి తగ్గట్టు చేయి మారుస్తాడు. మనసుకు అలా చేయి తిరిగితే అది సుగుణం.

కల్లంలో మీ అమ్మగారు కూర్చుని తాలు ఏరడాన్ని చూశావు కదా. రంగు తేలిన కాయ, మచ్చ పడిన కాయ, బూజు తగిలిన కాయ ఆమె వేళ్ళకు వాటంతటవే తగిలినట్టు పక్కకు వెళ్ళిపోతాయి. ఆ చూపు పుట్టుకతో రాలేదు, పుస్తకంతోనూ రాలేదు. ఇప్పుడు దీని పక్కనే ఇంకో దృశ్యం పెట్టు. మిర్చి యార్డుకు టిక్కీలు, అంటే గోనెసంచులు, కట్టే ముందు కాయ మీద నీళ్ళు చల్లితే తూకం పెరుగుతుందని అందరికీ తెలుసు. కాయ పదీ పదకొండు శాతం తేమ దగ్గరికి ఆరాలని శాస్త్రజ్ఞులు చెబుతారు. తేమ మిగిలితే ఆస్పర్జిల్లస్ అనే బూజు పెరిగి అఫ్లటాక్సిన్ అనే విషాన్ని విడుస్తుంది, అది కాలేయాన్ని దెబ్బతీస్తుంది. తూకంలో చేసిన మోసం ఎక్కడో ముక్కూముఖం తెలియని మనిషి కంచంలో తేలుతుంది. న్యాయం అంటే ఎవరిది వారికి ఇవ్వాలనే స్థిరమైన సంకల్పమని అక్వినాస్ అన్నదాన్ని ఇక్కడ చెబితే, పాఠకుడు నిద్రపోడు. స్వభావం, శాస్త్రం, సుగుణం మూడూ ఆ ఒక్క గోనెసంచిలోనే ఉన్నాయి.

ఒక అభ్యంతరం నీకు తప్పక ఎదురవుతుంది. పదిహేడో శతాబ్దం నుంచి భౌతికశాస్త్రం ‘ఎందుకోసం’ అనే ప్రశ్నను పక్కన పెట్టి ‘ఎలా, ఎంత’ అనే ప్రశ్నలతోనే ఇంత దూరం వచ్చింది కదా, స్వభావం, గమ్యం అనే పాత మాటలు ఇంకా దేనికని అడుగుతారు. తప్పించుకోవద్దు. అణువుల లెక్కలో గమ్యం కనిపించకపోవచ్చు. కానీ మొక్కకు ‘తెగులు’ వచ్చిందన్న క్షణంలోనే, ఆ మొక్క ఎలా ఉండాలో మనకొక అంచనా ఉన్నట్టే. ఆకుముడతను తెగులు అంటాం, ఆకు ఎండకు తిరగడాన్ని తెగులు అనం. 1958లో ఎలిజబెత్ ఆన్‌స్కోమ్ అనే కతోలిక తత్త్వవేత్త, చట్టాన్ని ఇచ్చే దేవుణ్ణి తీసేసి ‘చేయాలి, చేయకూడదు’ అనే మాటలను మాత్రం గాలిలో వేలాడదీసిన ఆధునిక నీతిశాస్త్రాన్ని ఎండగట్టి, మొక్కకు తగిన పరిసరం కావాలన్నట్టే మనిషికి ఏం కావాలో, ఏ గుణాలు కావాలో అక్కడి నుంచి ఆలోచించే దారిని మళ్ళీ తెరిచింది. ఆ దారి మీద ఇంకా వాదన నడుస్తూనే ఉంది. అది నడుస్తోందనే రాయి, ముగిసిందని రాయకు.

శాస్త్రాన్ని సాక్షిగా బోనెక్కించే పొరపాటు నీదే కాదు, నాదీ. ఇరవై రెండేళ్ళ వయసులో మహావిస్ఫోటనం (బిగ్ బ్యాంగ్) సృష్టిని రుజువు చేసిందని ఒక వ్యాసం రాసి, మురిసిపోతూ మా భౌతికశాస్త్రం మాస్టారికి చూపించాను. ఆయన చదివి, ‘రేపు ఈ సిద్ధాంతం మారితే మీ దేవుడు రాజీనామా చేస్తాడా?’ అని మాత్రం అడిగారు. చాలా ఏళ్ళు ఆయన మీద కోపంగా ఉన్నాను. తర్వాత జార్జ్ లెమేత్ర్ కథ తెలిసింది. విశ్వం విస్తరిస్తోందని 1927లోనే లెక్కగట్టి, 1931లో ఆదిమ అణువు అనే భావనను ముందుకు తెచ్చిన బెల్జియం కతోలిక గురువు (ఫాదర్) ఆయన. 1951లో పన్నెండో పయస్ పోపు ఈ విజ్ఞానం సృష్టికి సాక్ష్యమన్న ధోరణిలో ప్రసంగిస్తే, సంబరపడవలసిన ఆ గురువే ఇబ్బంది పడ్డాడు. తన సిద్ధాంతం మతం జోలికి రాదనీ, నాస్తికుడు కూడా దాన్ని నిస్సంకోచంగా ఒప్పుకోవచ్చుననీ ఆయన అభిప్రాయం. సృష్టి అంటే ఎప్పుడో జరిగిన మొదటి సంఘటన కాదు, ఉన్నదంతా ఈ క్షణాన కూడా ఉనికి కోసం దేవుని మీద ఆధారపడి ఉండటం అని అక్వినాస్ చెప్పినదాన్ని తెలిసినవాడు దూరదర్శిని కోసం కాచుకుని కూర్చోడు.

గెలీలియో సంగతిని ఒక్క వాక్యంలో దాటేశావు. అలా చేయకు. 1633లో ఆయన్ని దోషిగా నిలబెట్టింది మన తిరుసభ (కతోలిక చర్చి) న్యాయస్థానమే. ఆనాటి వేదాంతులు పొరబడ్డారని 1992లో రెండో జాన్ పాల్ పోపు ఒప్పుకున్నారు. నక్షత్రాల గురించి తెలిసిన అవిశ్వాసి ముందు క్రైస్తవుడు వాటి గురించి తెలియక వాగితే, ఆ పరిహాసం వేదగ్రంథానికి తగులుతుందని గెలీలియోకు వెయ్యేళ్ళకు పైగా ముందే పునీత అగస్టీను హెచ్చరించి ఉన్నాడు. ఇంట్లో దీపం ఉండగానే పడ్డాం. అది రాస్తే నీ విశ్వాసం తగ్గదు, నీ మాట మీద నమ్మకం పెరుగుతుంది.

శాస్త్రానికీ సుగుణానికీ ఉన్న బంధుత్వం చూపాలంటే వాదనలకంటే మెండెల్ బఠాణీలు మేలు. నేటి చెక్ దేశంలోని బ్ర్నో మఠంలో ఉన్న ఆ అగస్టీనియన్ సన్యాసి 1856 నుంచి 1863 దాకా ఇంచుమించు ఇరవై ఎనిమిది వేల మొక్కలు పెంచాడు. ఒక ప్రయోగంలో 5,474 గుండ్రని గింజలు, 1,850 ముడతల గింజలు లెక్కపెట్టాడు. 1866లో అచ్చయిన ఆ పరిశోధనను 1900 దాకా దాదాపు ఎవరూ పట్టించుకోలేదు. అప్పటికి ఆయన పోయి పదహారేళ్ళు. ఆ గింజలను ఒక్కొక్కటిగా వేరు చేసిన వేళ్ళకూ, తాలు ఏరే మీ అమ్మగారి వేళ్ళకూ ఉన్న పోలికను నీవు రాయగలవు, నేను రాయలేను. నేను కల్లంలో కూర్చుని పని చేయలేదు. గుంటూరు దగ్గరి లాం వ్యవసాయ పరిశోధనా కేంద్రంలో కొత్త మిరప రకాలు తయారుచేసేవారు చేసేదీ ఆ లెక్కే.

వరప్రసాదం, అంటే దేవుడు ఉచితంగా ఇచ్చే కృప, గురించి చివర్లో ఒక్క పేరా చాలు. ‘దేవ వరప్రసాదము చేత నిండిన మరియమ్మా’ అని రోజూ జపమాలలో చెప్పుకునే ఆ మాట, స్వభావాన్ని తోసేసి దాని స్థానంలో కూర్చునేది కాదనీ, ఉన్న స్వభావాన్నే పూర్ణం చేసేదనీ అక్వినాస్ అన్నాడు. నీవు మాత్రం మనిషి సొంతంగా ఏ మంచీ చేయలేడని రాసి, ముందు చెప్పిన సుగుణాలన్నిటినీ ఒక్క దెబ్బతో కొట్టేశావు. ఆ పేరా తీసెయ్యి.

ఫిబ్రవరిలో మేరీమాత ఉత్సవాలకు మీ ఇంటివాళ్ళు కొండకు వస్తారు కదా. 9, 10, 11 తేదీల్లో ఈ వీధిలో అడుగు పెట్టడానికి చోటుండదు, మాట్లాడుకోవడం కుదరదు. జనం తగ్గాక ఒకరోజు ఆగి రా. వచ్చేటప్పుడు కొత్త ప్రతి మొత్తం తేనక్కర్లేదు, కల్లం గురించి రెండు పేజీలు చాలు. తాలు కాయ ఏదో ముట్టుకోకుండానే ఎలా తెలుస్తుందని మీ అమ్మగారిని అడిగి, ఆమె చెప్పింది చెప్పినట్టు రాసుకో. ఆమె ‘ఏమో, తెలిసిపోద్దంతే’ అంటే, అదీ రాసుకో.

ఆశీస్సులతో,
మీ మాస్టారు